వెబ్ ప్రాజెక్టుకు టెక్నికల్ స్పెసిఫికేషన్ రాసే పద్ధతి: గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉదాహరణతో

విజయవాడ, గుంటూరుల్లో వ్యాపారాలకు వెబ్ అప్లికేషన్లు చేసిపెట్టే జట్లకు కొదవలేదు. పని తెలిసినవాళ్లే. అయినా ప్రాజెక్టు సగానికి వచ్చేసరికి గొడవ మొదలవుతుంది. "ఇది కూడా చేస్తామన్నారు కదా" అంటాడు యజమాని. "ఆ మాటే మన మధ్య రాలేదండీ" అంటాడు డెవలపర్. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పట్లేదు. ఒకే ప్రాజెక్టును ఇద్దరూ రెండు రకాలుగా ఊహించుకున్నారు. డబ్బు చేతులు మారకముందే ఆ తేడాను బయటపెట్టే కాగితం టెక్నికల్ స్పెసిఫికేషన్. వాడుకలో స్పెక్ అంటాం.

స్పెక్ విషయంలో నేను గట్టిగా పట్టుకునే సూత్రం ఒకటే. పని పూర్తయ్యాక బయటి మనిషి ఎవరైనా వచ్చి "అయింది" లేదా "కాలేదు" అని తేల్చగలిగే వాక్యాలే అందులో ఉండాలి. "సైటు వేగంగా ఉండాలి", "వాడటానికి తేలిగ్గా ఉండాలి" లాంటివి కోరికలు. వాటిని ఎవరూ తేల్చలేరు కాబట్టి చివరికి గొంతు పెద్దది ఉన్నవాడిదే మాట అవుతుంది. కింద చెప్పే ప్రతి మెట్టూ ఆ సూత్రం కోసమే.

ఉదాహరణ లేకుండా చెబితే గాల్లో మాటల్లా ఉంటుంది. అందుకని గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల ఉండే ఒక కోల్డ్ స్టోరేజీని ఊహించుకుందాం. జనవరి నుంచి కొత్త పంట వస్తుంది. ధర నచ్చని రైతు సరుకును టిక్కీల్లో (మిర్చి బస్తాల్లో) కుట్టించి కోల్డ్ స్టోరేజీలో పెడతాడు, సరుకు పెట్టినట్టు రాసిచ్చే బాండు తీసుకుంటాడు, రేటు పెరిగాక కొంచెం కొంచెంగా తీసి అమ్ముతాడు. ఇప్పుడు యజమానికి కావాల్సింది ఇది: ఈ లెక్కంతా కంప్యూటర్‌లో ఉండాలి, రైతు తన ఫోన్‌లోనే మిగిలిన స్టాకు, కట్టాల్సిన అద్దె చూసుకోవాలి. వినడానికి చిన్న పనే. రాయడం మొదలుపెడితే ఎంత లోతుందో తెలుస్తుంది.

మొదటి మెట్టు: రాయకముందు కౌంటర్ దగ్గర నిలబడండి

యజమాని గదిలో కూర్చుని ఆయన చెప్పింది రాసుకొస్తే సగం స్పెకే వస్తుంది. మిగతా సగం గుమాస్తా దగ్గర, గేటు దగ్గర, కాటా దగ్గర, ముఠా మేస్త్రీ దగ్గర ఉంటుంది. సరుకు దిగే రోజు ఒకటి, సరుకు బయటకు వెళ్లే రోజు ఒకటి చూసి వెళ్లండి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉండండి.

అక్కడ తిరిగే ప్రతి కాగితానికీ ఫోటో తీసుకోండి. గేటు రిజిస్టరు, కాటా చీటీ, బాండు, డెలివరీ చీటీ, అద్దె రసీదు, హమాలీ లెక్క రాసుకునే నోటు పుస్తకం. అచ్చు వేసిన గళ్ల కన్నా మార్జిన్‌లో పెన్నుతో రాసిన వాటిని జాగ్రత్తగా చూడండి. ఫారంలో చోటు లేక పక్కన రాసుకున్నదల్లా పాత పద్ధతి పట్టించుకోని ఒక నిజమైన అవసరం. బాండు మీద ఎర్ర సిరాతో "బ్యాంకు" అని రాసి ఉందనుకోండి. అడిగితే అసలు సంగతి చెబుతారు: రైతు ఆ సరుకు మీద లోను తీసుకున్నాడు, బ్యాంకు నుంచి కాగితం వచ్చేదాకా ఒక్క టిక్కీ కూడా బయటకు పంపకూడదు. యజమానికి ఇది ఎంత అలవాటంటే, మీటింగులో చెప్పాలని తోచదు. కానీ సాఫ్ట్‌వేర్‌లో ఈ నియమం లేకపోతే మొదటి నెలలోనే పెద్ద నష్టం జరగొచ్చు.

అడగాల్సిన ప్రశ్నల్లో అన్నిటికన్నా విలువైనది: "అలా జరగకపోతే ఏం చేస్తారు?" రైతు బాండు పోగొట్టుకుంటే? రైతు చనిపోయి కొడుకు వస్తే? 120 టిక్కీలని రాశాం, బయటకు తీసేటప్పుడు 119 ఉంటే? లోపలికి వెళ్లిన రోజు తూకానికీ బయటకు వచ్చిన రోజు తూకానికీ తేడా వస్తే బాధ్యత దేనికి, లెక్కకా తూకానికా? ఈ ప్రశ్నలకు "చూసుకుంటాంలే" అన్న జవాబు వస్తే వదలొద్దు. కంప్యూటర్‌కు చూసుకోవడం రాదు.

రెండో మెట్టు: ఒక్క పేజీలో హద్దులు గీయండి

మొదటి పేజీలో మూడు పేరాలు చాలు. ఈ ప్రాజెక్టు ఎవరికి, ఏ ఇబ్బంది తీరడానికి. ఈ విడతలో ఏమేం వస్తాయి. ఈ విడతలో ఏమేం రావు.

మూడో పేరా రాయడానికి అందరూ మొహమాటపడతారు. దాన్నే ముందు రాయండి. మన ఉదాహరణలో అది ఇలా ఉండొచ్చు: "ఈ విడతలో ఇవి లేవు: మొబైల్ యాప్, యార్డు రోజువారీ ధరలు చూపించడం, హమాలీల కూలి లెక్క, ట్యాలీకి (అకౌంట్ల సాఫ్ట్‌వేర్‌కు) ఆటోమేటిగ్గా పంపడం, రెండో గోదాము." ఇది చదవగానే యజమాని "అదేంటి, హమాలీ లెక్క లేకపోతే ఎలా?" అని అడుగుతాడు. అడగాలి. ఇప్పుడు అడిగితే రేటు, గడువు రెండూ మార్చుకోవచ్చు. పని సగం అయ్యాక అడిగితే ఎవరికో ఒకరికి కడుపు మండుతుంది.

అదే పేజీ చివర వాడే మాటలకు అర్థాలు రాయండి. టిక్కీ, లాటు (ఒక విడతగా వచ్చిన సరుకు), బాండు, ఛాంబర్ (సరుకు పెట్టే చల్లని గది), డెలివరీ. ఒక లాటుకు ఒకే బాండా, ఒక బాండు కింద రెండు లాట్లు ఉండొచ్చా అన్నది ఇక్కడే తేలిపోవాలి. డేటాబేస్ నిర్మాణమంతా దీని మీదే ఆధారపడుతుంది. ఒకసారి పెట్టిన పేరు స్పెక్ చివరిదాకా మారకూడదు.

మూడో మెట్టు: ఎవరు ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు

యజమాని, మేనేజర్, గుమాస్తా, గేటు మనిషి, అకౌంటెంట్, రైతు, కమీషన్ వ్యాపారి. ఇంతమందికీ ఒక పట్టిక వేయండి. నిలువు గళ్లలో మనుషులు, అడ్డ వరుసల్లో పనులు. ప్రతి గడిలో "చేయొచ్చు", "చూడొచ్చు", "కుదరదు" అనే మూడింట్లో ఒకటే రాయాలి. ఖాళీ గడి వదిలితే డెవలపర్ తనకు తోచినట్టు నింపుతాడు.

చర్చ ఎక్కువగా రెండు గడుల దగ్గర నడుస్తుంది. ఒకటి, నమోదైన ఎంట్రీని ఎవరు సరిదిద్దొచ్చు. నా సలహా: ఎవరూ చెరపకూడదు. తప్పు ఎంట్రీని రద్దు చేసి కొత్తది రాయాలి, రెండూ రికార్డులో ఉండాలి, ఎవరు ఎప్పుడు ఎందుకు రద్దు చేశారో పక్కనే కనిపించాలి. రెండోది, కమీషన్ వ్యాపారి రైతు స్టాకును చూడొచ్చా. రైతు ఒప్పుకుంటేనే చూడాలన్నది నా అభిప్రాయం. ఎవరి దగ్గర ఎంత సరుకు ఉందన్నది బేరంలో ఆయుధం. అది రైతు చేతిలోనే ఉండాలి.

నాలుగో మెట్టు: అవసరాలు రాయడం

స్పెక్‌కు ప్రాణం ఇక్కడే ఉంది. తొందరపడకండి.

ప్రతి అవసరానికీ ఒక నంబర్ ఇవ్వండి. ఫోన్‌లో మాట్లాడేటప్పుడు "ఆ డెలివరీ సంగతి" అనే బదులు "5.3" అంటే ఇద్దరూ ఒకే పేరా చూస్తారు. ప్రతి దానికీ స్థాయి కూడా రాయండి. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్లు ఈ పద్ధతిని ఎప్పుడో స్థిరపరిచారు. 1997లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2119 అనే చిన్న పత్రం, ఏ మాట వాడితే తప్పనిసరి, ఏ మాట వాడితే సరైన కారణం ఉంటేనే వదలొచ్చు, ఏ మాట వాడితే ఇష్టాన్ని బట్టి అన్నది విడమరచి చెప్పింది. మనకు "తప్పనిసరి", "కారణం రాసి వదలొచ్చు", "ఐచ్ఛికం" అన్న మూడూ సరిపోతాయి. పత్రం మొదట్లోనే వీటి అర్థం రాసేయండి.

సిస్టమ్ అవసరాలు ఎలా రాయాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 29148 కూడా ఉంది. 2018 కూర్పు ఇప్పటి వాడుకలో ఉంది. అదంతా చదవాల్సిన పని చిన్న ప్రాజెక్టుకు లేదు. అందులో మంచి అవసరానికి చెప్పిన లక్షణాల్లో మూడు గుర్తుంచుకోండి: ఒక వాక్యం ఒకే సంగతి చెప్పాలి, రెండు అర్థాలు రాకూడదు, పరీక్షించి తేల్చగలగాలి.

ఇప్పుడు ఒక అవసరాన్ని దగ్గరగా చూద్దాం. మొదటి డ్రాఫ్టులో మామూలుగా ఇలా వస్తుంది: "రైతు కావాల్సినన్ని టిక్కీలు డెలివరీ తీసుకునే సౌకర్యం ఉండాలి." దీన్ని చూసి పదిమంది డెవలపర్లు పది రకాలుగా చేస్తారు. తిరగరాస్తే ఇలా ఉంటుంది:

"5.3 పాక్షిక డెలివరీ. తప్పనిసరి.
గుమాస్తా బాండు నంబర్ కొట్టగానే రైతు పేరు, ఊరు, మిర్చి రకం, ఛాంబర్, మిగిలిన టిక్కీల లెక్క, అద్దె బాకీ కనిపించాలి.
గుమాస్తా కొట్టే టిక్కీల సంఖ్య 1 కన్నా తక్కువైనా, మిగిలిన లెక్క కన్నా ఎక్కువైనా సేవ్ కాకూడదు. 'మిగిలినవి 75 మాత్రమే' అన్న రీతిలో సందేశం రావాలి.
బాండు మీద బ్యాంకు తాకట్టు ఉంటే డెలివరీ బటన్ పనిచేయకూడదు. తాకట్టు తీసే అధికారం మేనేజర్‌కే. బ్యాంకు ఇచ్చిన కాగితం ఫోటో ఎక్కించకుండా మేనేజర్‌కు కూడా తీయడం కుదరకూడదు.
రైతు మొబైల్‌కు వచ్చిన ఓటీపీ కొట్టాకే డెలివరీ ఖాయం కావాలి. ఓటీపీ రాకపోతే మేనేజర్ అనుమతితో, రైతు సంతకం చేసిన చీటీ ఫోటో ఎక్కించి ఖాయం చేయొచ్చు.
ఖాయమయ్యాక డెలివరీ చీటీ ప్రింటు కావాలి. మిగిలిన లెక్క వెంటనే తగ్గాలి.
ఒకే బాండు మీద ఇద్దరు గుమాస్తాలు ఒకేసారి డెలివరీ కొడితే రెండోవాళ్లకు కొత్త లెక్క చూపించి మళ్లీ అడగాలి. లెక్క మైనస్‌లోకి ఎప్పుడూ పోకూడదు."

పొడుగ్గా ఉందనిపిస్తుంది. కానీ ఇందులో ప్రతి వాక్యానికీ ఒక పరీక్ష రాయొచ్చు. ఇద్దరు మనుషుల్ని రెండు కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టి ఒకే బాండు మీద ఒకేసారి కొట్టించండి. తేలిపోతుంది. అంతా సవ్యంగా జరిగే దారికి ఇక్కడ నాలుగు వాక్యాలే పట్టాయని గమనించండి. మిగతావన్నీ దారి తప్పినప్పుడు ఏం కావాలో చెప్పేవే. మంచి స్పెక్‌లో పాళ్లు ఇలాగే ఉంటాయి.

ఐదో మెట్టు: డబ్బు లెక్కలకు ఉదాహరణలు రాయించుకోండి

అద్దె నియమాన్ని మాటల్లో రాస్తే ఎప్పుడూ ఏదో ఒకటి తప్పిపోతుంది. అకౌంటెంట్‌తో లెక్కలు చేయించి జవాబులతో సహా స్పెక్‌లో పెట్టండి.

సీజన్ అద్దె టిక్కీకి 200 రూపాయలు అనుకుందాం. రైతు 120 టిక్కీలు పెట్టి 4,000 అడ్వాన్సు కట్టాడు. మొదటి డెలివరీకి 45 టిక్కీలు తీస్తున్నాడు. ఎంత వసూలు చేయాలి? తీసిన వాటికే అద్దె అంటే 9,000లో అడ్వాన్సు పోను 5,000. మొత్తం అద్దె ముందే కట్టాలంటే 24,000లో అడ్వాన్సు పోను 20,000. అడ్వాన్సును చివరి డెలివరీలోనే సర్దుతామంటే ఇప్పుడు 9,000. మూడూ సబబైన పద్ధతులే. ఈ స్టోరేజీ ఏది పాటిస్తుందో డెవలపర్‌కు కలలో రాదు. సీజన్ ఏ తేదీతో ముగుస్తుంది, దాటితే నెలకు ఎంత, నెలలో నాలుగు రోజులే ఉన్నా పూర్తి నెల కిందే లెక్కా అన్నవి కూడా ఇలాగే అంకెలతో రాయాలి. ఏడెనిమిది ఉదాహరణలు రాస్తే చాలు, డెవలపర్ వాటినే ఆటోమేటిక్ పరీక్షలుగా మార్చుకుంటాడు.

జీఎస్‌టీ వర్తిస్తుందా, ఏ సరుకుకు ఎంత అన్నది ఆడిటర్ రాసి ఇవ్వాలి. డెవలపర్ నెట్‌లో వెతికి పెట్టకూడదు. రేటు మారితే కోడ్ ముట్టుకోకుండా సెట్టింగుల్లో, అమల్లోకి వచ్చే తేదీతో సహా మార్చుకునేలా ఉండాలని ఒక వాక్యం రాయండి.

సొమ్మును పైసల్లో, పూర్ణసంఖ్యగా దాచాలని కూడా రాయండి. వెబ్ అప్లికేషన్లు రాసే జావాస్క్రిప్ట్ భాషలో 0.1కి 0.2 కలిపితే 0.3 రాదు, 0.30000000000000004 వస్తుంది. ఒక రసీదులో ఆ తేడా కనపడదు. సీజన్ చివర క్యాష్ పుస్తకానికీ కంప్యూటర్‌కూ పొంతన కుదరనప్పుడు మాత్రం అకౌంటెంట్ రాత్రంతా కూర్చోవాల్సి వస్తుంది. తెర మీద అంకెలు 12,50,000 లాగా మన పద్ధతిలో కనిపించాలి. లేకపోతే సాఫ్ట్‌వేర్ 1,250,000 అని చూపిస్తుంది.

తేదీల సంగతి కూడా ఇక్కడే. చాలా సర్వర్లు యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక కాలంలో నడుస్తాయి. మన టైము దానికన్నా 5 గంటల 30 నిమిషాలు ముందు. సీజన్‌లో లారీలు అర్ధరాత్రి దాటాక కూడా వస్తాయి. ఏప్రిల్ 1 తెల్లవారుజామున 2 గంటలకు దిగిన సరుకు సర్వర్ లెక్కలో మార్చి 31 రాత్రి 8:30 అవుతుంది. తేదీ ఒక్కటే కాదు, ఆర్థిక సంవత్సరమే మారిపోతుంది. "రిపోర్టులు, రసీదులు, అద్దె లెక్క అన్నీ భారత కాలమానం ప్రకారమే" అన్న ఒక్క వాక్యం దీనికి మందు.

ఆరో మెట్టు: తెలుగుకు విడిగా ఒక అధ్యాయం

"తెలుగు సపోర్టు ఉండాలి" అని ఒక లైను రాసి వదిలేసే స్పెక్‌లే ఎక్కువ. దీన్ని చూస్తే నాకు బాధేస్తుంది. రైతు చదివే భాషకు ఒక పూర్తి పేజీ కేటాయించాలి.

తెర మీద మొదలుపెడదాం. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయే లైను ఎత్తు పెడితే తెలుగులో కింది వత్తులు తెగిపోతాయి, లేదా కింది లైనులోని గుడులకు తగులుతాయి. అందుకని పరీక్షకు పేర్లు స్పెక్‌లోనే ఇచ్చేయండి: "లక్ష్మీనరసింహం, వెంకటేశ్వర్లు, కృష్ణమూర్తి అన్న పేర్లు పట్టికల్లో, బటన్ల మీద, రసీదులో ఒక్క వత్తూ తెగకుండా కనిపించాలి." ఫాంటు పేరు కూడా రాయండి. నోటో సాన్స్ తెలుగు ఉచితంగా దొరుకుతుంది. ఫోన్‌లో ఏ ఫాంటుందో చూద్దాంలే అనుకోకుండా సైటుతోనే పంపించాలి.

అసలు చిక్కు పీడీఎఫ్‌లో ఉంది. పీడీఎఫ్ తయారుచేసే చిన్న లైబ్రరీలు చాలావాటికి మన అక్షరాలను కలపడం చేతకాదు. తెర మీద చక్కగా ఉన్న "క్ష్మీ", రసీదులో క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి దీర్ఘం విడివిడిగా పడిపోతుంది. డెవలపర్ దీన్ని చివరి వారంలో చూసి, రసీదు ఇంగ్లీషులో ఇచ్చేద్దామంటాడు. ఆ అవకాశం ఇవ్వకండి. "డెలివరీ చీటీ, అద్దె రసీదు తెలుగులో, అక్షరాలు సరిగ్గా కలిసి ప్రింటు కావాలి. నమూనాను మొదటి రెండు వారాల్లో చూపించాలి" అని రాయండి. పేజీని క్రోమ్ బ్రౌజర్ ఇంజిన్‌తో పీడీఎఫ్‌గా మార్చుకుంటే ఈ ఇబ్బంది చాలావరకు ఉండదు.

ఎస్ఎంఎస్ గురించి యజమానులకు ఎవరూ ముందుగా చెప్పరు. ఇంగ్లీషు సందేశానికి 160 అక్షరాలు పడితే, తెలుగు సందేశానికి 70 మాత్రమే. దాటితే ఒక్కో ముక్కకు 67 చొప్పున తెగుతుంది, ముక్కకు ఒక ఎస్ఎంఎస్ చార్జీ పడుతుంది. పైగా వత్తు, గుణింతం, పొల్లు అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. "టిక్కీలు" మన కంటికి మూడు అక్షరాలు, లెక్కలో ఎనిమిది. "మీ లాటు 1187 నుంచి 45 టిక్కీలు బయటకు వెళ్లాయి. మిగిలినవి 75." అన్న సందేశానికి సరిగ్గా 60 అవుతాయి. చివర స్టోరేజీ పేరు చేర్చగానే 70 దాటి రెండు ఎస్ఎంఎస్‌ల ఖర్చు అవుతుంది. కాబట్టి ప్రతి సందేశాన్నీ అక్షరం పొల్లుపోకుండా స్పెక్‌లోనే రాసి, లెక్క పక్కన వేయండి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం వ్యాపార ఎస్ఎంఎస్‌లకు పంపేవారి పేరు, సందేశం నమూనా టెలికాం కంపెనీల డీఎల్‌టీ పోర్టల్‌లో ముందుగా నమోదు కావాలి. ఆ నమోదు స్టోరేజీ పేరు మీద, స్టోరేజీ కాగితాలతో జరగాలి. ఇది యజమాని పని. ఎవరు, ఎప్పటిలోగా చేయాలో తేదీతో రాయకపోతే సైటు సిద్ధమై ఓటీపీ వెళ్లక ఆగిపోతుంది.

ఇక వెతకడం. ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉంటారు. అదే పేరును ఒక గుమాస్తా తెలుగులో, ఇంకొకరు ఇంగ్లీషులో కొడతారు. అందుకని పేరును గుర్తింపుగా వాడకూడదు. మొబైల్ నంబర్, బాండు నంబర్, ఊరు ఆధారం కావాలి. డేటాబేస్ యూటీఎఫ్-8లో (అన్ని భాషల అక్షరాలనూ దాచే పద్ధతిలో) ఉండాలి. మైఎస్‌క్యూఎల్ (ఒక డేటాబేస్ సాఫ్ట్‌వేర్) అయితే యూటీఎఫ్8ఎంబీ4 అని స్పష్టంగా రాయండి. తెలుగులో అక్షరం, గుణింతం, పొల్లు ఒక్కోటీ మూడేసి బైట్లు తీసుకుంటుంది కాబట్టి పేరు గడి పొడవు బైట్లలో చెబుతున్నామా, అక్షరాల్లోనా అన్నదీ రాయాలి.

ఏడో మెట్టు: వేగం, భద్రత, కరెంటు పోయినప్పుడు

వేగానికి గూగుల్ పెట్టిన కొలతలు వాడుకోండి. పేజీలో ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలి. బటన్ నొక్కితే 200 మిల్లీసెకన్లలోపు స్పందించాలి. పేజీ లోడవుతూ అటూ ఇటూ జరగడం 0.1 సూచీ దాటకూడదు. వందసార్లు తెరిస్తే కనీసం 75 సార్లు ఈ హద్దుల్లో ఉండాలి. పరీక్ష డెవలపర్ ల్యాప్‌టాప్ మీద కాకుండా, రైతులు వాడే మామూలు ఆండ్రాయిడ్ ఫోన్ మీద, 4జీ డేటాతో జరగాలని రాయండి.

ఛాంబర్ లోపల మందపాటి గోడల మధ్య సిగ్నల్ అందదు. లోపల లెక్కపెట్టే మనిషి ఫోన్‌లో ఎలా నమోదు చేస్తాడు? ఆఫ్‌లైన్‌లో దాచుకుని బయటకు వచ్చాక పంపేలా చేయాలంటే ఖర్చు బాగా పెరుగుతుంది. లోపల కాగితం చీటీ, బయట కౌంటర్‌లో ఎంట్రీ అన్న పద్ధతికే నేను ఓటేస్తాను. ఏదైనా సరే, నిర్ణయం స్పెక్‌లో ఉండాలి. నెట్ లేని రోజు డెలివరీ ఆపేస్తారా, చేతిచీటీ రాసి తర్వాత ఎక్కిస్తారా అన్నది కూడా.

బ్యాకప్ రోజూ తీయాలని అందరూ రాస్తారు. తీసిన బ్యాకప్ నుంచి డేటా తిరిగి రప్పించి చూపించాలని ఎవరూ రాయరు. రెండోదే ముఖ్యం. "మూడు నెలలకోసారి బ్యాకప్‌ను వేరే సర్వర్‌లో నిలబెట్టి, ముందు రోజు స్టాకు రిపోర్టుతో సరిచూసి చూపించాలి" అని రాయండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం లాగ్‌లు (సిస్టమ్‌లో ఎప్పుడు ఏం జరిగిందన్న రికార్డులు) 180 రోజులు ఉంచాలి, సైబర్ దాడి లాంటిది బయటపడితే 6 గంటల్లో ఆ సంస్థకు తెలియజేయాలి. ఆ పని యజమానిదా, డెవలపర్‌దా అన్నది ఒప్పందంలో ఉండాలి. రైతుల ఫోన్ నంబర్లు, బ్యాంకు వివరాలు దాస్తున్నాం కాబట్టి 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టాన్ని కూడా దృష్టిలో పెట్టుకోవాలి. అవసరం లేని ఆధార్ కాపీని అసలు అడగకపోవడం అన్నిటికన్నా మంచి భద్రత.

ఎనిమిదో మెట్టు: తెరలు, చెల్లింపులు

తెరల బొమ్మలు పెన్సిల్‌తో గీసినా చాలు. రంగుల జోలికి వెళ్లొద్దు. ప్రతి తెరకూ నాలుగు బొమ్మలు గీయండి: డేటా ఉన్నప్పుడు, ఏమీ లేనప్పుడు, లోడవుతున్నప్పుడు, తప్పు జరిగినప్పుడు.

యూపీఐతో అద్దె కట్టించుకుంటే ఒక్క సందర్భం తప్పక రాయండి. రైతు ఖాతాలో డబ్బు కట్ అయింది, కానీ ఫోన్ ఆగిపోయి పేజీ మూసుకుపోయింది. అప్పుడు రసీదు రావాలా? రావాలి. పేజీ ద్వారా కాకుండా చెల్లింపుల సంస్థ సర్వర్ నుంచి మన సర్వర్‌కు నేరుగా వచ్చే సమాచారం ఆధారంగా రసీదు తయారవ్వాలి. అదే సమాచారం రెండుసార్లు వచ్చినా రసీదు ఒక్కటే రావాలి.

తొమ్మిదో మెట్టు: పాత లెక్కలు, మొదలుపెట్టే రోజు, అప్పగింత

పాత రిజిస్టర్‌లోని స్టాకు ఎవరు ఎక్కిస్తారు? చేతిరాత చదివి ఎక్కించడం పెద్ద పని, దాన్ని "డేటా ఎంట్రీ" అని ఒక్క మాటలో తేల్చేయకండి. ఎన్ని బాండ్లు, ఎవరు కొడతారు, ఎవరు సరిచూస్తారు, ఛాంబర్‌వారీ మొత్తం రిజిస్టర్‌తో కలవకపోతే ఏం చేస్తారో రాయండి.

మొదలుపెట్టే తేదీని సీజన్‌ను బట్టి పెట్టుకోండి. ఫిబ్రవరి, మార్చిల్లో లారీలు బారులు తీరి ఉన్నప్పుడు కొత్త సాఫ్ట్‌వేర్ పెడితే గుమాస్తాకు టెన్షన్, రైతుకు ఆలస్యం. నవంబర్, డిసెంబర్లలో పాత స్టాకు చాలావరకు బయటకు వెళ్లి ఉంటుంది, ఎక్కించాల్సిన బాండ్లూ తక్కువే. అప్పుడు మొదలుపెట్టి, కొంతకాలం రిజిస్టర్, కంప్యూటర్ రెండూ నడిపించి, రోజూ సాయంత్రం మొత్తాలు సరిచూడాలి. వరుసగా ఎన్ని రోజులు తేడా లేకుండా వస్తే రిజిస్టర్ ఆపేయొచ్చో స్పెక్‌లోనే అంకె వేయండి.

డొమైన్ పేరు, సర్వర్ ఖాతా, ఎస్ఎంఎస్ ఖాతా, చెల్లింపుల ఖాతా అన్నీ యజమాని పేరు మీద, యజమాని ఈమెయిల్‌తో ఉండాలి. సోర్స్ కోడ్ ఎప్పుడు, ఏ రూపంలో అప్పగిస్తారో రాయాలి. డెవలపర్ మీద నమ్మకం లేక కాదు. ఇంకో అయిదేళ్లకు ఆ జట్టు ఈ పనిలో ఉంటుందో లేదో ఎవరూ చెప్పలేరు.

పదో మెట్టు: చదివించి, సంతకం చేయించండి

స్పెక్‌ను వాట్సాప్‌లో పంపి "చూసి చెప్పండి" అంటే ఎవరూ చూడరు. అందరినీ ఒకచోట కూర్చోబెట్టి పైకి చదవండి. గుమాస్తా తప్పనిసరిగా ఉండాలి. యజమాని ముందు మాట్లాడటానికి ఆయన జంకుతాడు కాబట్టి మీరే పేరు పెట్టి అడగండి: "బాబాయ్, నిన్న వచ్చిన లారీ ఇందులో చెప్పినట్టే నడుస్తుందా?" ఆయన "కాదమ్మా, ఒక్కోసారి..." అని మొదలుపెడితే కలం తీయండి. ఆ "ఒక్కోసారి" తర్వాత వచ్చేదంతా స్పెక్‌లో చేరాలి.

డబ్బు వాయిదాలను అవసరాల నంబర్లతో ముడిపెట్టండి. "సగం పని అయ్యాక సగం" అనే బదులు "4.1 నుంచి 5.6 వరకు పరీక్షలు నెగ్గాక రెండో వాయిదా" అని రాస్తే డెవలపర్‌కూ అడగడం సులువు, యజమానికీ ఇవ్వడం సులువు.

సంతకాలయ్యాక కూడా మార్పులు వస్తాయి. రానివ్వండి. పత్రం చివర మార్పుల పట్టిక ఒకటి ఉంచండి: తేదీ, ఏ నంబర్ అవసరం మారింది, ఎందుకు, అదనంగా ఎంత డబ్బు, ఎన్ని రోజులు, ఎవరు ఒప్పుకున్నారు. ఫోన్‌లో అనుకున్న మార్పు ఆ పట్టికలోకి ఎక్కేదాకా పని మొదలుపెట్టకూడదని ఇద్దరూ ముందే ఒప్పుకోండి. ప్రతి మార్పుకూ కూర్పు సంఖ్య పెంచి, పాత కూర్పులను అదే ఫోల్డర్‌లో ఉంచి, తాజా కూర్పు ప్రింటు ఒకటి కౌంటర్ సొరుగులో పెట్టించండి. గుమాస్తాకు సందేహం వస్తే డెవలపర్‌కు ఫోన్ చేసే ముందు తీసి చూసుకుంటాడు.